77 రోజులు మంచం మీద: దడ, కళ్లు తిరగడం, ఒక ఈసీజీ

శ్రీకాకుళంలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ కేసు పేషెంటు, ఆవిడ ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వయసు, ఊరు, కుటుంబం వివరాలు కొంత మార్చాను. పరీక్షల అంకెలు, నేను చేసిన పొరపాటు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఎముక విరిగో, పక్షవాతం వచ్చో నెలల తరబడి మంచాన ఉన్న మనిషి మన జిల్లాలో ప్రతి వీధిలో ఒకరైనా ఉంటారు. వాళ్లకి పుండ్లు పడకుండా పక్కకి తిప్పాలని అందరికీ తెలుసు. గుండె కొట్టుకునే తీరు కూడా మారుతుందని మాత్రం చాలామందికి తెలియదు. తెలిసిన నేనే దాన్ని సరిగ్గా పట్టుకోలేకపోయాను.

నేపథ్యం

ఆవిడకి 62 ఏళ్లు. నాగావళి ఒడ్డు పల్లె. ఎనిమిదేళ్లుగా బీపీ ఉంది, రోజుకో మాత్ర వేసుకుంటారు. సుగర్ లేదు, గుండె జబ్బు లేదు. వానలకి నాచు పట్టిన పెరట్లో జారిపడితే కటి ఎముక ముందు భాగంలో పగులు వచ్చింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. చీటీ మీద "ఆరు వారాలు విశ్రాంతి, ఆ తర్వాత చూపించాలి" అని ఉంది.

ఇంట్లోవాళ్లు దాన్ని "కాలు కింద పెట్టకూడదు" అని అర్థం చేసుకున్నారు. ఆరు వారాలు గడిచేసరికి కొడుకు పని మీద హైదరాబాద్‌లో ఉన్నాడు. ఆటో కుదుపులకి అతుక్కున్న ఎముక మళ్లీ కదిలిపోతుందేమోనని కోడలికి భయం. అలా ఆరు వారాలు పదకొండయ్యాయి. నిర్లక్ష్యం ఎక్కడా లేదు. అత్తగారికి వీపు మీద ఒక్క పుండు కూడా లేకుండా చూసుకుంది ఆ అమ్మాయి. ఎంత ప్రేమగా చూసుకుంటే అంత కదలకుండా పడుకోబెట్టారు.

ఏ ఇబ్బందితో వచ్చారు

77వ రోజున స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. "గుండె దడదడలాడిపోతంది బాబూ. లెగిస్తే కళ్లు బైర్లు కమ్మేత్తన్నాయి" అన్నారు. ఛాతీ నొప్పి లేదు, ఆయాసం పెద్దగా లేదు. పడుకుని ఉండగానే నాడి 103. బీపీ 136/82. ఆక్సిజన్ 97 శాతం. కాళ్లలో వాపు లేదు.

ఇన్ని రోజులు మంచాన ఉన్న మనిషికి నాడి వంద దాటితే ముందుగా భయపడాల్సింది ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డకి. కదలని కాలి సిరలో గడ్డ కట్టి, అది జారి ఊపిరితిత్తికి చేరితే ప్రాణమే పోవచ్చు. ఈసీజీలో కుడి గుండె మీద భారం పడిన గుర్తుల కోసం వెతికాను, కనబడలేదు. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, కుడివైపు గది సైజు మామూలుగానే ఉంది, ఎడమవైపు పంపింగ్ బాగుంది. కాళ్ల సిరల స్కాన్ (డాప్లర్) శుభ్రంగా ఉంది. రక్తంలో గడ్డ కరుగుతుంటే పెరిగే డీ-డైమర్ మాత్రం ఎక్కువ వచ్చింది, ఆ వయసుకి సరిచూసుకున్నా ఎక్కువే. ఎముక విరిగి అతుక్కుంటున్న మనిషిలో అది ఊరికే కూడా పెరుగుతుంది. అయినా ఆ మాట మీద వదిలేసే ధైర్యం నాకు లేదు. విశాఖపట్నం పంపి సీటీ ఆంజియోగ్రామ్ చేయించాలనుకున్నాను.

దానికి ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశాను. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం ఉన్న జిల్లాలో పనిచేసే డాక్టరెవరూ కిడ్నీ చూడకుండా సీటీకి వాడే కాంట్రాస్ట్ మందు ఎక్కించమని రాయరు. 0.9 వచ్చింది, మామూలే. సీటీలో గడ్డ లేదు. హిమోగ్లోబిన్ 10.8, థైరాయిడ్ మామూలే. ఈ ఖర్చు వృథా అని ఇప్పటికీ అనుకోను. ఇలాంటి మనిషి మళ్లీ వస్తే మళ్లీ పంపుతాను.

మొదట చేసింది, ఎందుకు బెడిసింది

గడ్డ లేదు, పంపింగ్ బాగుంది, థైరాయిడ్ బాగుంది. దాంతో నా మనసు తేలికపడింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ప్రమాదకరమైన కారణాలేవీ లేవని తేలగానే, "టెన్షన్, నీరసం వల్ల దడ" అనుకుని గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ 25 మిల్లీగ్రాములు రాశాను. ఈసీజీలో టీ వేవ్‌లు, అంటే ప్రతి దెబ్బ చివర గుండె సర్దుకునేటప్పుడు వచ్చే గుట్టలు, చదునుగా ఉన్నాయి. దానికి "ప్రత్యేకించి చెప్పదగ్గ మార్పులు లేవు" అని రాశాను. దెబ్బ మొదలైన దగ్గర్నుంచి టీ వేవ్ ముగిసేదాకా పట్టే సమయం క్యూటీ, దాన్ని నాడి వేగానికి సరిచేస్తే క్యూటీసీ. మెషీన్ క్యూటీసీ 525 అని అచ్చేసింది. నాడి వేగంగా ఉన్నప్పుడు మెషీన్ వాడే లెక్క ఎక్కువ చూపిస్తుందని తెలుసు కనుక దాన్నీ పక్కన పెట్టాను. సీటీకి అప్పటికే చాలా ఖర్చయింది కదా అని పొటాషియం పరీక్ష రాయలేదు.

ఆరు రోజుల తర్వాత తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. బెడ్‌పాన్ పెట్టడానికి లేపి కూర్చోబెడితే ఆవిడ స్పృహ తప్పారు. అరనిమిషంలో తేరుకున్నారట. ఊరు దగ్గరే కాబట్టి నేనే వెళ్లాను.

ఆ ఇంటికి వెళ్లకపోతే ఈ కేసు నాకు అర్థమయ్యేది కాదు. ఆవిడ మంచం హాల్లో, వీధి గుమ్మానికి ఎదురుగా ఉంది. నులక మంచం. నడుమ్మీద గుంటలా దిగిపోయింది, కూర్చోబెడితే మోకాళ్లు పైకి లేచి పట్టె తొడల వెనక ఒత్తుకుంటోంది. పడుకునే ఉన్నప్పుడు బీపీ 132/80, నాడి 84. కూర్చోబెడితే 118/76. ఇద్దరం చెరో పక్క పట్టుకుని నిలబెడితే నిమిషానికి 98/64, నాడి 98 మాత్రమే. రెండో నిమిషంలో మొహం తెల్లగా పాలిపోయి చెమట పట్టింది, పడుకోబెట్టేశాను.

అప్పటిదాకా నేను ఆవిడ బీపీ నిలబెట్టి చూడనే లేదు. స్ట్రెచర్ మీద వచ్చిన మనిషిని స్ట్రెచర్ మీదే చూసి పంపాను.

గుండె నిమిషానికి పంపే రక్తం అంటే ఒక్కో దెబ్బకి తోసే రక్తం, నిమిషానికి ఎన్ని దెబ్బలన్నది, ఈ రెండింటి లెక్క. మంచం మీద దెబ్బకి తోసే రక్తం తగ్గిపోయింది. ఆ లోటు పూడ్చడానికే గుండె దెబ్బలు పెంచుకుంది. అంటే నాడి 103 అన్నది జబ్బు కాదు, ఆవిడని నిలబెడుతున్న ఊతం. నేను మాత్రతో ఆ ఊతం తీసేశాను.

మంచం పక్కన చిన్న స్టీలు చెంబు ఉంది. పొద్దుటి నుంచి ఎన్ని నీళ్లు తాగారని అడిగితే ఆవిడ కోడలి వైపు చూసి, గొంతు తగ్గించి, "తాగితే ఒంటేలుకి లెగాల కదా బాబూ. ఈ గుంట ఎన్నిసార్లని ఎత్తుతాది, ఈదిలోంచి మనుషులు సూత్తారు" అన్నారు. రోజుకి రెండు చెంబులు దాటడం లేదు. తిండీ అంతే, మధ్యాహ్నం నాలుగు ముద్దలు, రాత్రి కాస్త గంజి.

మందులన్నీ తెమ్మంటే కోడలు స్టీలు డబ్బా తెచ్చింది. హాస్పిటల్‌కి వచ్చినప్పుడు బీపీ చీటీ ఒక్కటే తెచ్చారు, నేనూ అంతవరకే చూశాను. డబ్బాలో ఉన్నవి ఇవి: బీపీ మాత్ర, అందులో టెల్మిసార్టాన్‌తో పాటు మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసి ఉంది. నొప్పి మాత్రలతో మొదటి వారంలో ఇచ్చిన గ్యాస్ క్యాప్సూల్, పాంటొప్రజోల్, డోంపెరిడోన్ కలిసినది, నొప్పి మాత్రలు ఆపేసినా ఇదింకా నడుస్తోంది. నిద్రకి అమిట్రిప్టిలిన్ 10.

ఆవిడని అప్పుడే హాస్పిటల్‌కి తీసుకొచ్చి మానిటర్ మీద పెట్టాను. పొటాషియం 2.9, మెగ్నీషియం 1.4, సోడియం 131, మూడూ తక్కువే. కదలిక లేనివాళ్లలో ఎముకల్లోంచి కాల్షియం కరిగి రక్తంలోకి రావచ్చు. అది పెరిగితే క్యూటీ పొడుగవదు, పొట్టి అవుతుంది. ఆవిడకి మామూలుగానే ఉంది.

ఈసీజీ మళ్లీ తీసి చూస్తే

ఆ రాత్రి మొదటి ఈసీజీని కాగితం మీద స్కేలుతో కొలిచాను. రెండు దెబ్బల మధ్య పద్నాలుగున్నర చిన్న గళ్లు, అంటే 580 మిల్లీసెకన్లు. క్యూటీ పది గళ్లు, 400. మెషీన్ వాడే బాజెట్ సూత్రంతో 525 వస్తుంది. నాడి వేగంగా ఉన్నప్పుడు దానికంటే మెరుగైన ఫ్రెడరీసియా సూత్రంతో వేస్తే 480. మెషీన్ ఎక్కువ చూపించిందన్న నా అనుమానం నిజమే. కానీ 480 కూడా ఆడవాళ్లకి మామూలు హద్దయిన 460 దాటిందే. కొలిచి చూడకుండా పక్కన పెట్టేశాను. కొత్త ఈసీజీలో నాడి 84కి తగ్గినా ఆ లెక్క 480 దగ్గరే ఉంది. పైగా టీ వేవ్ వెనక యూ వేవ్ చిన్న గుట్టలా కనబడుతోంది. అది పొటాషియం తక్కువైందని చెప్పే గుర్తు. మొదటి ఈసీజీలోనూ అది ఉంది.

గుండె కణం ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ తన విద్యుత్తు సర్దుకోవడానికి పట్టే సమయమే క్యూటీలో చాలా భాగం. ఆ సర్దుబాటు జరగాలంటే పొటాషియం కణంలోంచి బయటికి పోవాలి. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గినా, డోంపెరిడోన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు ఆ దారికి అడ్డుపడినా అది ఆలస్యమవుతుంది. మరీ ఆలస్యమైతే కింది గదుల్లో ప్రాణాంతకమైన లయ మొదలవ్వచ్చు. ఆవిడకి మానిటర్‌లో నిమిషానికి నాలుగైదు అదనపు దెబ్బలు పడుతున్నాయి.

వీటన్నిటికీ అడుగున మంచం ఉంది. పడుకోగానే కాళ్లలో ఉండాల్సిన రక్తం ఛాతీలోకి చేరుతుంది. శరీరం దాన్ని ఎక్కువ నీరుగా లెక్కేసి మూత్రంలో వదిలేస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో నీటి భాగం తగ్గడం మొదలై, వారాల్లో 10 నుంచి 15 శాతం దాకా పోతుంది. గుండెని నెమ్మదిపరిచే వేగస్ నరం పట్టు సడలుతుంది. గుండె కండ కూడా తగ్గుతుంది. ఆరోగ్యవంతులైన వాలంటీర్లలో ఆరు వారాల పడకకి ఎడమ గది కండ సుమారు 8 శాతం తగ్గినట్టు కొలిచారు. అంతరిక్ష ప్రయాణం గురించి తెలుసుకోవడానికి మనుషుల్ని తల 6 డిగ్రీలు కిందికి వాల్చి వారాల తరబడి పడుకోబెట్టిన అధ్యయనాలు ఉన్నాయి. అక్కడ టీ వేవ్ కుంగడం, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ టీ వేవ్‌లో కంటికి కనబడనంత చిన్న తేడాలు పెరగడం చూశారు. వాళ్లు ఏ మందూ వాడని, బాగా తిని తాగే మనుషులు. మా పేషెంటుకి వాటిపైన మూడు మందులు, పస్తు, దాహం కూడా కలిశాయి.

1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం మీద ఉంచారు. కష్టపడేటప్పుడు శరీరం వాడుకోగల ఆక్సిజన్ సుమారు 27 శాతం పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు తీసుకెళ్లినదాని కంటే ఆ మూడు వారాల మంచం తీసుకెళ్లిందే ఎక్కువని తేలింది. ఆవిడ ఉన్నది మూడు వారాలు కాదు, అప్పటికి పన్నెండు.

ఏది ముందు, ఏది తర్వాత

డోంపెరిడోన్, అమిట్రిప్టిలిన్, మెటోప్రొలాల్ అప్పటికప్పుడు ఆపేశాను. మెటోప్రొలాల్ ఆరు రోజులే, చిన్న డోసు కాబట్టి ఒక్కసారి ఆపినా ఫరవాలేదనిపించింది. బీపీ మాత్ర కూడా కొన్నాళ్లు ఆపాను, నిలబడితే 98కి పడిపోతున్న మనిషికి అది వద్దు. టెల్మిసార్టాన్ తానుగా పొటాషియం పెంచుతుంది, పైనుంచి మనం పొటాషియం పోస్తుంటే లెక్క తప్పవచ్చన్నది రెండో కారణం. మెగ్నీషియం సెలైన్‌లో, పొటాషియం సిరప్‌గా ఇచ్చాను. కిడ్నీ బాగుందని ముందే తెలుసు గనుక ఆ ధైర్యం చేశాను. మూడో రోజుకి అదనపు దెబ్బలు ఆగాయి. పదో రోజుకి పొటాషియం 4.1, ఫ్రెడరీసియా లెక్కలో క్యూటీసీ 424. యూ వేవ్ లేదు.

కానీ నాడి ఇంకా 98. టీ వేవ్ ఇంకా చిన్నదే, ఛాతీ మీద పెట్టే ఐదో తీగ (లీడ్) గీసిన గీతలో ఒక్క గడి ఎత్తు. నిలబెడితే బీపీ 22 పడుతోంది. నా దృష్టిలో ఈ కేసులో ముఖ్యమైన ఘట్టం ఇదే. మందులు, లవణాల వల్ల వచ్చినవి పది రోజుల్లో పోయాయి. మిగిలింది మంచం వల్ల వచ్చింది. దానికి సీసాలో మందు లేదు.

ఇక్కడ రెండో పొరపాటు జరిగింది. రిపోర్టులు బాగున్నాయన్న ఉత్సాహంలో హాస్పిటల్లోనే వాకర్ ఇచ్చి నిలబెట్టించాను. ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది, ఎముకల డాక్టరు బరువు మోపొచ్చన్నారు. నాలుగు అడుగులకే కాళ్లు వణికి, కళ్లు తిరిగి కూలబడిపోయారు. దెబ్బ తగల్లేదు గానీ భయం పట్టుకుంది. నాలుగు రోజులు మంచం అంచుకి కూడా రానన్నారు. కొడుకు వచ్చి, "గుండె వీకైపోయింది కదండీ, ఇంకా కదిపితే ఎలాగ?" అన్నాడు.

ఆ ప్రశ్నకి తొందరగా జవాబు చెప్పకుండా అతన్ని కూర్చోబెట్టి మాట్లాడాను. ఒకప్పుడు గుండెపోటు వచ్చినవాళ్లని కూడా వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదని, 1952లో బోస్టన్‌లో లెవిన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి చూసి, హాని జరగలేదని రాశారని చెప్పాను. గుండెపోటు వచ్చిన గుండే కూర్చోగలిగితే, మీ అమ్మగారిది పోటు రాని గుండె అన్నాను. "మంచం వల్ల వీకయింది, మంచం దిగితేనే బలపడుతుంది" అంటే అప్పుడు తలూపాడు.

పనిచేసింది

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది కమోడ్ కుర్చీ. మధ్యలో రంధ్రం, కింద బకెట్ ఉన్న ప్లాస్టిక్ కుర్చీ. మంచాన్ని గుమ్మం ఎదుటి నుంచి లోపలి మూలకి మార్చి, అడ్డంగా పాత చీర కట్టించాను. ఆ చీర కట్టిన రోజు నుంచి ఆవిడ నీళ్లు తాగడం మొదలుపెట్టారు. చోడి (రాగి) అంబలి, మజ్జిగ, రోజుకో కొబ్బరి బొండం. ఉప్పు తగ్గించమన్న పాత సలహాని బీపీ చూసుకుంటూ కొన్నాళ్లు సడలించాను. కిడ్నీ తేడా ఉన్న ఇంట్లో బొండం, అరటిపండు ఇలా చెప్పకూడదు, ఈ మాట మన జిల్లాలో గట్టిగా చెప్పాలి.

నులక మంచం బదులు చెక్క మంచం వేయించాం, పాదాలు నేలకి ఆనే ఎత్తులో. తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించాను. రాత్రంతా తల కాస్త ఎత్తుగా ఉంటే శరీరం నీటిని అంతగా వదిలేయదు, తెల్లారి లేచేటప్పుడు బీపీ అంతగా పడదు. లేవడానికి పావుగంట ముందు రెండు పెద్ద గ్లాసుల నీళ్లు ఒక్కసారిగా తాగించాలి.

కసరత్తు పడుకునే మొదలైంది. పాదాలు పైకీ కిందికీ ఆడించడం, కోడలి అరచేతిని మడమతో నెట్టడం. రెండో వారం మంచం అంచున కాళ్లు వేలాడదీసి రోజుకి నాలుగుసార్లు, పది నిమిషాల చొప్పున. మూడో వారం కుర్చీలో. ఊరికే కూర్చోమంటే అరగంట యుగంలా ఉందన్నారు. ఒళ్లో చేట పెట్టి బియ్యం ఏరమంటే ముప్పావుగంట తెలియకుండా కూర్చున్నారు. నాలుగో వారంలో నిలబడ్డారు, పిక్కలకి తొడల దాకా క్రేప్ బ్యాండేజీ కట్టి. ఐదో వారంలో వాకర్‌తో గుమ్మం దాకా.

కోడలికి మణికట్టు దగ్గర నాడి పట్టడం నేర్పాను. పడుకున్నప్పుడు ఒకటి, లేచిన నిమిషానికి ఒకటి, పిల్లాడి పాత నోటుబుక్కులో రాసింది. మూడో వారంలో ఒక రోజు లేచాక 134 రాసి, పక్కన "రాత్రి విరేచనాలు" అని కూడా రాసింది. ఫోన్ చేసి ఆ రోజు లేపకుండా ఓఆర్‌ఎస్ పట్టించి, మర్నాడు పొటాషియం చూసుకున్నాం. 3.6, ఫరవాలేదు. ఆ రెండు పదాలు ఆమె రాయకపోయి ఉంటే మళ్లీ మొదటికి వచ్చేవాళ్లం.

ఎనిమిదో వారం ఈసీజీలో నాడి 84, క్యూటీసీ 414, ఐదో లీడ్‌లో టీ వేవ్ మూడు గళ్లు. నాకు సంతోషం కలిగించింది ఇంకొకటి. మొదటి ఈసీజీలో దెబ్బకీ దెబ్బకీ మధ్య దూరం గీత గీసినట్టు ఒకేలా ఉంది. ఈసారి ఊపిరి పీల్చినప్పుడు దగ్గరగా, వదిలినప్పుడు ఒక చిన్న గడి దూరంగా ఉంది. వేగస్ నరం తిరిగి పనిలోకి వచ్చిందనడానికి ఆ గడి గుర్తు.

ఇప్పుడు ఏం మార్చుకున్నాను

మంచాన ఉన్న మనిషి ఈసీజీ తీస్తే కాగితం మీద రెండు విషయాలు రాస్తున్నాను: ఎన్నో రోజు మంచం, పడుకునా, కూర్చునా. వీలైతే కూర్చోబెట్టి ఇంకో స్ట్రిప్ తీస్తాను, పక్కనే బీపీ రాస్తాను. పడుకున్నప్పటి అంకెలు పడుకున్న మనిషి గురించే చెబుతాయి. లేచాక ఏమవుతుందో చెప్పవు. మందుల డబ్బా మొత్తం తెమ్మని ఫోన్‌లోనే చెబుతున్నాను. నీళ్లు ఎన్ని తాగుతున్నారని కాకుండా, మూత్రానికి ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరు లేపుతున్నారు అని అడుగుతున్నాను. నీళ్ల సంగతి ఆ జవాబులోనే తెలుస్తుంది. నాడి వేగంగా ఉంటే అది దేనికోసం వేగంగా ఉందో తెలిసేదాకా దాన్ని తగ్గించే మాత్ర రాయడం లేదు. చీటీ మీద "విశ్రాంతి" అని ఒక్క మాట రాసి వదలకుండా, ఏ రోజు కూర్చోవాలి, ఏ రోజు నిలబడాలి అన్నది తారీఖుతో రాస్తున్నాను.

ఆవిడ ఇప్పుడు మూత్రం మందు లేని టెల్మిసార్టాన్ ఒక్కటే వాడుతున్నారు. కర్ర పట్టుకుని పెరట్లోకి నడుస్తున్నారు. మెట్లెక్కితే నాడి ఇంకా 120 దాకా పోతోంది, దిగడానికి ఐదారు నిమిషాలు పడుతోంది. మూడు నెలల తర్వాత ఇంకో ఈసీజీ రాశాను. పెరట్లో నాచు గీయించి గరుకు రాళ్లు పరిపించారు. చీర మాత్రం ఇంకా కట్టే ఉంది.